పచ్చి ఆముదం

మా ముత్తవ్వ ఉరుకుందమ్మ అనేదంట:
"సీమదొరలకు ఏమి అజీర్తి పట్టెనో గానీ
ఊరి ఆముదమంతా వాళ్ల కడుపుకే చాలకపాయె."

జర్మనీ యుద్ధం నాటి మాట.
పెద్దతుంబళంలో మూడు గానుగలు,
మాది నడిమిది.
ఆదోని నుంచి ఏజెంటు గుర్రబ్బండిలో వచ్చి
గాజుపలక మీద ఒక బొట్టు వేసి
ఎండకు ఎత్తి చూసేవాడు.
కాచింది వద్దు, వేయించిన గింజ వద్దు.
మంట తగలని నూనె, మొదటి పిండు మాత్రమే.
ముత్తవ్వకు తిక్క రేగింది.
కాచని ఆముదం బిడ్డకు పోస్తారా, తలకు పెడతారా,
పచ్చినూనె తాగే మనుషులు ఎట్లాంటి మనుషులు?

అయినా పిండినారు.
రాత్రిళ్లు కూడా పిండినారు.
గంతలు కట్టిన మైలఎద్దు ఎన్ని ఆమడలు నడిచిందో
లెక్కబెట్టినవాడు లేడు,
నడిచిన చోటే నడిచింది.
పీపాలు ఆదోని స్టేషన్లో గూడ్సెక్కి బొంబాయికి,
అక్కడినుంచి ఓడకు.
మా ఇంట్లో తెలిసిన కథ అంతవరకే.

మిగిలింది నాకు కర్నూలు ఐటీఐలో దొరికింది.
కాళప్పాచారి సారు నల్లబల్ల మీద ఒక ఇంజను గీసినాడు,
తొమ్మిది సిలిండర్లు, తంగేడు పువ్వు విప్పినట్టు.
"ఇంగ్లీషోళ్ల తొలి విమానాలది ఇది.
దీంట్లో క్రాంకుషాఫ్టు కదలదురా,
విమానం ముక్కుకు బిగించి ఉంటుంది.
సిలిండర్లే దాని చుట్టూ తిరుగుతాయి."
క్లాసంతా నవ్వింది.
నేను నవ్వలేదు.
రోలు నిలబడి ఉంటుంది, ఎద్దు తిరుగుతుంది,
దీంట్లో నవ్వేదేముంది?

"ఏ నూనె పోసినా పెట్రోలు కడిగేస్తుంది,
ఒక్క ఆముదాన్ని తప్ప" అన్నాడు సారు.
నా చేతిలో సుద్దముక్క విరిగింది.

ఇప్పుడు ఆదోనిలో నాకొక లేతు ఉంది.
జిన్నింగు మిల్లు రోలర్లు, బోరు పైపుల మరలు, ఏదొస్తే అది.
పని లేని మధ్యాహ్నం ఆ సిలిండర్లే గుర్తొస్తాయి.
నాలుగు మణుగుల ఉక్కుదిమ్మను ఎక్కించి
రెండు వీశలు మిగిలేదాకా తొలిచేవాళ్లంట,
గోడ రూపాయి బిళ్ల మందం.
కోవెంట్రీలోనో ఎక్కడో,
మగవాళ్లు యుద్ధానికి పోతే ఆడవాళ్లు నిలబడి తొలిచినారంట.
నాకు ఇంజను మీదకన్నా
వాళ్ల కాళ్ల దగ్గర పడిన ఉక్కుచుట్టల మీదకే
మనసు పోతుంది.
ఎవరు ఊడ్చినారో. ఎవరి పాదం కోసుకుందో.

ఆ ఇంజను తాగిన నూనె తిరిగి రాదు.
సగం కాలి, సగం కాలక
వెనక కూర్చున్న పంతొమ్మిదేళ్ల పిల్లోడి మొహాన పడేది.
వాడికీ కళ్లకు గంతల్లాంటి అద్దాలు.
పదివేల అడుగుల మీద
కింద ఫిరంగులు, పక్కన మబ్బు,
కడుపులో మా పెద్దతుంబళం.
దిగంగానే చెంబు కోసం పరుగు.
ముత్తవ్వా, నువ్వన్నది అబద్ధం కాదు,
మందు ముందొచ్చింది, రోగం తర్వాతొచ్చింది, అంతే.

కొందరు దిగలేదు.
వాళ్ల చొక్కాల నిండా
మంట తగలకూడదని పట్టుబట్టి తీయించిన నూనె.

ఏజెంటు ఆఖరి పద్దు ఇచ్చినాడో లేదో తెలియదు.
మైలఎద్దు మరుసటేడు వానలకు కూలబడి లేవలేదు.
ఒక ఖాళీ పీపా మాత్రం ఎట్లనో ఇంట్లో ఉండిపోయింది.
మా అమ్మ కాలం దాకా దాంట్లో జొన్నలు పోసేవాళ్లు,
ఎన్నిసార్లు బూడిదేసి తోమినా
సంగటి కొంచెం జారేది.

మొన్న బళ్లారి పిల్లోడొకడు
నిమ్మకాయంత ఇంజను తెచ్చినాడు, బొమ్మ విమానానిది.
లోపల ఆముదం ఎండి బంకయింది, పిస్టను కదలదు.
పొద్దంతా నానబెట్టి, తుడిచి, బిగించి
వేలితో ఒక దెబ్బ కొట్టినా.
కందిరీగ మాదిరి లేచింది.
నీలంపొగ అంగడి దాటి రోడ్డు మీదికి పోయింది.

ఎదురుగా టీ కాస్తున్న మౌలాలి
వడగట్టే గుడ్డ పట్టుకొనే బయటికొచ్చి
అటు ఇటు చూసి అడిగినాడు:
"ఎవరింట్లోబ్బా, పసిబిడ్డకు నీళ్లు పోస్తాండారు?"